మాటల లెక్క – 6: చేరనందుకు కాదు, చేరినందుకే

నిన్న డిగ్రీ ఫస్టియర్ క్లాసులో బోర్డు మీద గళ్ళు గీశాను. చెప్పేవాడు, మాట, మాట వెళ్ళే దారి, వినేవాడు. మధ్యలో రొద. వినేవాడి నుంచి వెనక్కొచ్చే బాణం, అదే స్పందన. "గొడవలన్నిటికీ మూలం కమ్యూనికేషన్ గ్యాప్" అని పుస్తకంలో ఉంది. అది చదవబోయి ఆగిపోయాను.

ఈ బొమ్మకు మూలం 1948లో క్లాడ్ షానన్ రాసిన వ్యాసం. ఆయన లెక్క కట్టింది టెలిఫోన్, టెలిగ్రాఫ్ సంకేతాలకు. తీగకు కులం లేదు. మన ఊరికి ఉంది.

మా అమ్మ మిరపకోతకు పోయేది. ఇరవై ఏళ్ళ కామందు కొడుకు ఆమెను "ఏమేవ్" అని పిలిచేవాడు. యాభై దాటిన అమ్మ "అయ్యా" అని పలికేది. ఎవరు చెప్పాలో, ఎవరు తలూపాలో ఆ రెండు ముక్కల్లోనే తేలిపోయేది. కూలి ఎంతిస్తావని అడిగితే అది స్పందన కాదు, పొగరు.

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు, 1985 జులై 16. గేదెలకు కుడితి పెట్టిన బకెట్లు చెరువులో కడుగుతుంటే, అవి తాము తాగే నీళ్ళని ఒక మాదిగ యువకుడు అన్నాడు. అతన్ని కొడుతుంటే అడ్డుపడి మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు.

ఇందులో గ్యాప్ ఎక్కడుంది? రొద ఎక్కడుంది? ఆ మాట పొల్లుపోకుండా చేరింది. మీరూ మేమూ సమానమేనని చేరింది. అర్థం కానందుకు కాదు, అర్థమైనందుకే చంపారు.

అప్పటి గుంటూరు జిల్లా చుండూరు, 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. మనం చెప్పింది వినబడకా?

వినుకొండలో పుట్టిన జాషువా 1941లోనే 'గబ్బిలం'లో ఈ గుట్టు విప్పాడు. కాళిదాసు యక్షుడికి దూరం అడ్డు. జాషువా మనిషికి గుడి గడప అడ్డు. లోపలికి పోయే స్వేచ్ఛ గబ్బిలానికుంది, మనిషికి లేదు. అందుకే దాన్ని దూతగా పంపాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! "నీకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు" అని ఇంటర్వ్యూలో ఎవడైనా అంటే తలొంచుకోకండి. ఇంగ్లీషు నేర్చుకోండి, గట్టిగా మాట్లాడ్డం నేర్చుకోండి. కానీ వినడం నేర్చుకోవాల్సినవాళ్ళు వేరే ఉన్నారని మర్చిపోకండి.

కారంచేడు నుంచి చీరాలకు చేరినవాళ్ళు గబ్బిలాన్ని వెతుక్కోలేదు. అదే ఏడు దళిత మహాసభ పుట్టింది. చెప్పేవాళ్ళు వేలమందైతే వినేవాడికి చెవులు వాటంతటవే వస్తాయి.

జై భీమ్.