బాల్చీ తన్నిన ఇంగ్లిష్

స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకం తెరిస్తే చివరి పేజీల్లో ఓ జాబితా కనిపిస్తుంది. ఎడమ పక్క ఇడియమ్, కుడి పక్క తెలుగు అర్థం. ఓ ఐదొందలు బట్టీ పడితే దొరల్లా మాట్లాడేయొచ్చట. అమీర్‌పేట కోచింగ్ బోర్డుల నుంచి ఇంట్లో బాబాయిల దాకా అందరిదీ అదే పాట. నాకు మాత్రం ఆ జాబితా చూస్తే ఒళ్లు మండుతుంది.

అందులో 'కిక్ ద బకెట్' పక్కన 'చనిపోవు' అని ఉంటుంది, అంతే. మన నోట్లోనూ బాల్చీ తన్నేయడం ఉంది కదా, పరామర్శకు వెళ్లి 'మీ నాన్నగారు బాల్చీ తన్నేశారటగా' అని చూడండి! కాలం చేశారు, పోయారు, టపా కట్టేశాడు: జాబితా లెక్కన మూడూ ఒకటే. ఏది ఏ గుమ్మంలో అనాలో మనకెవరూ పాఠం చెప్పలేదు. నాలుగు చావు ఇళ్లు చూసి, పెద్దల నోట విని పట్టుకున్నాం.

'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' సంగతి మరీ విడ్డూరం. పెద్దింటివాళ్ల అరిగిపోయిన మాటలన్నీ పోగేసి, వెక్కిరిస్తూ జొనాథన్ స్విఫ్ట్ 1738లో ఓ సంభాషణల పుస్తకం వేశాడు. ఈ కుక్కలూ పిల్లులూ అందులోనే ఉన్నాయి. అప్పటికే నవ్వులపాలైన మాటని మనం ఇస్త్రీ చేసి పిల్లలకి తొడిగి ఇంటర్వ్యూలకి పంపుతున్నాం.

'మరి అమెరికావాడి మాట అర్థం కావద్దా?' అంటారు. కావాలి, కాదనను. కానీ ఆ జాబితాతో అయ్యే పనేనా అది? మా మేనల్లుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఓ రాత్రి కాల్‌లో క్లయింట్ 'బాల్‌పార్క్ ఫిగర్' అడిగాడు. అంటే ఏమిటని అడగడానికి వీడికి నామోషీ. 'షూర్' అనేసి, రెండు రాత్రులు కూర్చుని సెంట్లతో సహా లెక్క కట్టి పంపాడు. ఆయనకి కావలసింది అక్కడికక్కడ ఉజ్జాయింపుగా ఓ అంకె! బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ మైదానం. అదే 'స్టికీ వికెట్' అని ఉంటే గల్లీ క్రికెట్ ఆడినవాడు కాబట్టి ఇట్టే పట్టేసేవాడు.

అసలు ఆ భాష పుట్టు హక్కుగా ఉన్నవాళ్లకే పొసగదు. 'టేబుల్' చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ఒక్క మాట మీద ఇరుపక్షాల అధికారులూ చాలాసేపు వాదులాడుకుని, తీరా ఇద్దరూ కోరేది ఒకటేనని తెలుసుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. వాళ్లకి పోని పరువు, 'అంటే ఏమిటండీ' అని అడిగితే మా వాడికి పోతుందా?

ఇప్పుడు అడుగుతున్నాడు లెండి. మొన్న 'రెయిన్ చెక్' దగ్గర ఆపి అడిగాడట. వానకి ఆట ఆగితే మరో రోజు రావడానికిచ్చే టికెట్టు ముక్క అంటూ క్లయింట్ పది నిమిషాలు హుషారుగా బేస్‌బాల్ కథ చెప్పాడట. వీడు ఊరుకోక డక్‌వర్త్-లూయిస్ లెక్క వివరించాడు. అంతా విని ఆ క్లయింట్ 'షూర్' అన్నాడట.