గంజాయి కుర్రోడికి ముందు కఫం పరీక్ష చేయించండి

గంజాయి తాగే కుర్రోడు దగ్గుతుంటే మన ఊళ్లలో ఏమంటున్నారు? "గంజాయి దగ్గేలే, మానేస్తే అదే పోతాది" అంటున్నారు. పోలీసులకు వాడు "గంజాయి బ్యాచ్". ఆ దగ్గు ఎన్నాళ్లనుంచి ఉందని మాత్రం ఎవరూ అడగరు. రెండు వారాలు దాటిన దగ్గు టీబీ కావచ్చు.

టీబీ గంజాయిలోంచి పుట్టదు. అది సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బని 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ ప్రకటించాడు. రోగి దగ్గినప్పుడు గాలిలో వ్యాపిస్తుంది. కంచం వల్ల, గ్లాసు వల్ల రాదు. అంటరానితనం అనుభవించిన మనమే టీబీ వచ్చినోడికి కంచం వేరు చేస్తే, ఇంక ఏ ముఖంతో ఊరిని అడుగుతాం?

మరి గంజాయికీ టీబీకీ లంకె ఎక్కడుంది? పోలీసు భయానికి కుర్రాళ్లు తలుపులు మూసుకుని, ఒకే గదిలో కూర్చుని తాగుతారు. ఒకడికి టీబీ ఉంటే ఆ గాలే అందరూ పీలుస్తారు. 2004లో అమెరికాలోని సియాటిల్‌లో ఇదే జరిగింది. కార్ల అద్దాలు మూసుకుని కలిసి గంజాయి తాగే స్నేహితుల గుంపులో 11 మందికి టీబీ బయటపడింది. వాళ్లు కూడా వలస వచ్చిన కుర్రాళ్లే.

ఇంకోటి, మందు మధ్యలో వొగ్గేయడం. టీబీ మందులు ఆరు నెలలు తప్పకుండా మింగాలి. మత్తులో నాలుగు రోజులు మరిచి, నాటుసారా కూడా తోడైతే కాలేయం దెబ్బతింటుంది. మందు మానేస్తే జబ్బు మొండికేస్తుంది, అప్పుడు మామూలు మందులు పనిచేయవు.

అన్నిటికంటే పెద్ద లంకె జైలు. అరకు నుంచి ఎస్.కోట మీదుగా సరుకు దిగుతుంది. పట్టుబడేది ఎవరు? నాలుగు వేలకో ఐదు వేలకో ఆశపడి సంచి మోసిన మన పిల్లలూ, ఆదివాసీ పిల్లలూ. పెట్టుబడి పెట్టినోడు కనిపించడు. 1985 నాటి చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకడం గగనం. కిక్కిరిసిన గదుల్లో నెలల తరబడి ఉంటారు. బయటి కంటే జైళ్లలో టీబీ ఎన్నో రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అలా సోకిన కుర్రోడు విడుదలై ఎక్కడికొస్తాడు? మాలపేటకో, రెల్లివీధికో, పదిమంది పడుకునే ఒంటిగది ఇంటికి.

2025 కల్లా దేశంలో టీబీ లేకుండా చేస్తామని 2018లో ఢిల్లీలో చెప్పారు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నలుగురికి ఒకరు మన దేశంవారే. అరకడుపు తిండి, గాలి ఆడని ఇళ్లు అలాగే ఉంచి జబ్బును పొమ్మంటే పోతుందా?

కార్యకర్తలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అదే చట్టంలో 64-ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడు, వాడుకోడానికి తాగి గానీ, కిలో లోపు గంజాయితో గానీ దొరికితే, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో మత్తు మాన్పించే వైద్యం పూర్తిగా చేయించుకుంటే శిక్ష నుంచి మినహాయింపు ఉంది. పల్లెలో ఈ మాట ఎవరు చెబుతున్నారు? మనమే చెప్పాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. జైలుకు వెళ్లేటప్పుడూ, విడుదలయ్యేటప్పుడూ ప్రతి ఖైదీకి టీబీ పరీక్ష చేయాలి. మందు మొదలైనవాడు విడుదలైతే అతని ఊరి ఆసుపత్రికి ఆ రోజే కబురు పెట్టాలి. మత్తు మాన్పించే వైద్యం, టీబీ వైద్యం ఒకే చోట దొరకాలి.

మనం చేయాల్సింది కూడా ఉంది. కఫం పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పోషణకు నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. అది ఖాతాలో పడుతోందో లేదో దగ్గరుండి చూడాలి. దగ్గే కుర్రోణ్ణి తిట్టి తరిమేస్తే వాడు మళ్లీ ఆ మూసిన గదికే పోతాడు. చేయి పట్టుకుని ఆశా కార్యకర్త దగ్గరికి తీసుకెళ్లండి. వాడితోపాటు వాడి ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించండి.

జై భీమ్!