కాపలాకు కాసులేవి?

ఆకాశం నుంచి ముప్పు ఖిదిర్‌పూర్‌కు కొత్త కాదు. 1943 డిసెంబర్ 5న జపాన్ విమానాలు పట్టపగలు వచ్చి ఈ కోల్‌కతా రేవుపై బాంబులు కురిపించాయి. ఎందరో కూలీలు బలయ్యారు. 2025 ఆరంభంలో మరో ముప్పు వార్తలకెక్కింది. దాని పేరు 2024 వైఆర్4. దాదాపు 60 మీటర్ల గ్రహశకలం. 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొంటే ఎక్కడ పడవచ్చో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పసిఫిక్ నుంచి ఆఫ్రికా మీదుగా దక్షిణాసియా దాకా సాగిన ఆ దారిలో కోల్‌కతా కూడా ఉంది.

2025 ఫిబ్రవరి 18న ఢీకొనే అవకాశం 3.1 శాతానికి చేరింది. కొద్ది రోజులకే, మరిన్ని పరిశీలనల తర్వాత, దాదాపు సున్నాకు పడిపోయింది. గండం గడిచింది. కానీ రెండు తేదీలు గుర్తుంచుకోవాలి. ఆ శకలం భూమికి చేరువగా వచ్చి వెళ్లింది 2024 డిసెంబర్ 25న. చిలీలోని టెలిస్కోప్ దాన్ని కనిపెట్టింది 27న. దొంగ వెళ్లిన రెండు రోజులకు కాపలావాడు మేలుకున్నాడన్నమాట.

దారి మళ్లించే విద్య మనిషికి తెలియనిదేమీ కాదు. 2022 సెప్టెంబర్ 26న నాసా వారి డార్ట్ నౌక 160 మీటర్ల డైమార్ఫస్‌ను ఢీకొట్టింది. అది తన పెద్ద జోడీ డిడిమోస్ చుట్టూ తిరిగే సమయం అరగంటకు పైగా తగ్గింది. అయితే ఈ వైద్యం పనిచేసేది జబ్బును ముందే పసిగడితేనే. శకలం వేగం సెకనుకు ఒక్క సెంటీమీటరు మారితే చాలు, పదేళ్లలో సుమారు 3,000 కిలోమీటర్ల తేడా వస్తుంది. పది రోజుల్లో అయితే తొమ్మిది కిలోమీటర్లు కూడా రాదు.

చిక్కంతా ఆ ముందుచూపుకు డబ్బు పెట్టడంలోనే ఉంది. 140 మీటర్లు, అంతకు మించిన శకలాల్లో 90 శాతాన్ని 2020కల్లా గుర్తించాలని అమెరికా కాంగ్రెస్ 2005లో నాసాను ఆదేశించింది. గడువు నాటికి సగం కూడా దొరకలేదు. వాటిని వెతకాల్సిన నియో సర్వేయర్ టెలిస్కోప్ ప్రయోగం నిధుల కోతతో వెనక్కి జరిగింది. వైఆర్4 లాంటి చిన్నవైతే ఆ లక్ష్యంలోనే లేవు.

పేద దేశానికి అంతరిక్షం ఎందుకన్నది పాత ప్రశ్నే. వైఆర్4 దారిలో ఉన్న నగరాలను చూస్తే జవాబు దొరుకుతుంది: కోల్‌కతా, ముంబై, ఢాకా, లాగోస్. న్యూయార్క్ లేదు, లండన్ లేదు. వాషింగ్టన్‌లో కోత పడితే బెంగ పడాల్సింది ఖిదిర్‌పూర్ ఇరుకు గల్లీలే. లడఖ్‌లోని హాన్లేలో మనకో 70 సెంటీమీటర్ల టెలిస్కోప్ ఉంది, గ్రహశకలాలను గమనిస్తోంది. ఇంత జనానికి ఆ ఒక్క కన్ను చాలదు. కాపలా మన ఇంటికైనప్పుడు జీతంలో మన వాటా మనమే ఇచ్చుకోవాలి.