లైబ్రరీలు కలపాలంటున్న అన్నలకు



మన గ్రూపులో ఈ మధ్య ఒక మాట నడుస్తోంది. మన పుస్తకాలు, పరిశోధనలు, పాత ఫొటోలు సిటీలో తలా ఒక దిక్కున ఉన్నయి, అన్నీ తెచ్చి ఒకే సంస్థలో కలిపేస్తే తిరుగుడు తప్పుతది అని. తిరుగుడు బాధ నాకూ ఉంది. అయినా కలిపేయడం వద్దంటాను.

నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ దగ్గర తెలుగు యూనివర్సిటీ చూసే ఉంటారు. ఇప్పుడు దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. 1985లో అది పుట్టిందే కలపడంతో. 1957లో పెట్టిన సాహిత్య అకాడమీ, సంగీత నాటక అకాడమీ, నృత్య అకాడమీ, లలిత కళా అకాడమీ, విజ్ఞాన సర్వస్వం సంపుటాలు వేసిన తెలుగు భాషా సమితి, అంతర్జాతీయ తెలుగు సంస్థ, అన్నీ అందులో కలిసిపోయినయి. యూనివర్సిటీ మంచి పనులు చేసింది, కాదనను. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం దానిదే. కానీ యూనివర్సిటీ అన్నాక క్లాసులు, పరీక్షలు, డిగ్రీలే ముందు. చివరికి 2017లో తెలంగాణకు సాహిత్య అకాడమీని మళ్లీ కొత్తగా పెట్టుకోవాల్సి వచ్చింది. ముప్పై రెండేళ్ల తర్వాత! అది కూడా తెలుగు కాబట్టి. సర్కారు నడిచే భాష, అడిగేటోళ్లు ఉన్నరు. రేపు గోండి, కోయ, కొలామి పుస్తకాల గది ఒక పెద్ద బిల్డింగులో మూల సెక్షన్ అయిపోతే, మళ్లీ పెట్టమని ఎవరు అడుగుతరు?

అక్కడికి దగ్గర్లోనే, అబిడ్స్ తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు ఉంది. 1943లో నిజాం కాలంలో మొదలైంది. పేరులో ఆంధ్ర పోయి తెలంగాణ వచ్చింది గానీ, సంస్థ ఇప్పటికీ తన కాళ్ల మీదే ఉంది.

కలవకుండా కలిసి పనిచేస్తే ఏమైతదో మన ఆదిలాబాద్‌లోనే చూసినం. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డప్పుడు, వాటిని చదవగలిగిన పెద్దమనుషులు కొద్దిమందే. ఊరోళ్లు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు, లిపి తెలిసిన నిపుణులు కలిసి పనిచేసినరు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. దానికోసం ఎవరూ ఎవరిలోనూ కలిసిపోలేదు. ఊరు ఊరే, యూనివర్సిటీ యూనివర్సిటీయే.

ఇక సిటీ సంగతి. మాసాబ్ ట్యాంక్‌లోని గిరిజన పరిశోధన సంస్థ, మ్యూజియం గిరిజన సంక్షేమ శాఖ కింద ఉన్నయి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ పౌర గ్రంథాలయాల శాఖది. తెలుగు యూనివర్సిటీకి దాని చట్టం దానికుంది. పరిషత్తు స్వచ్ఛంద సంస్థ. నలుగురు యజమానులు. వీళ్లను ఒకటి చేయాలంటే చట్టాలు, ఉద్యోగాలు, బిల్డింగుల పంచాయితీలోనే మన డిగ్రీలు అయిపోతయి. ఒప్పందానికి అంత అక్కర్లేదు. మన జాతుల మీద ఎవరి దగ్గర ఏముందో ఒక్క జాబితా కావాలి, ఫోన్‌లో కనబడాలి. అది ఏ ఊరు, ఏ గూడెం నుంచి వచ్చిందో పక్కన రాసి ఉండాలి. హాస్టల్ వార్డెన్ ఇచ్చిన ఒక్క ఉత్తరం నాలుగు చోట్లా చెల్లాలి. ఇంకొకటి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం: మన ఊళ్ల నుంచి సేకరించిన దానికి కాపీ ఒకటి ఆ ఊరి బడికి తిరిగి పోవాలె. మా తాత పాడింది వినడానికి నేను మాసాబ్ ట్యాంక్ దాకా ఎందుకు రావాలి?

ఈ నాలుగు అడుగుతూ వినతిపత్రం రాస్తున్న. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి ఎట్లాగూ చాలామందిమి వస్తం. కాగితం తెస్తా. కలపాలనే అన్నలు కూడా రండి, చదివి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి.