వాచీ ఆగితే చలిని తిట్టకండి



చలి మొదలైతే చాలు, మన కుంఠా నాకా ఇళ్లల్లో ఒక మాట వినబడుతుంది: "నాయన కీ వాచీ చలికి ఆగిపోయింది, ఇంక పనికిరాదు." ఆ ఒక్క మాటతో పెళ్లిలో పెట్టిన హెచ్‌ఎంటీ వాచీలు చిల్లర ధరకు పోతున్నాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. బాగున్న వాచీని ఆపేంత చలి షోలాపూర్‌లో లేదు.

వాచీ లోపల బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంది. హెచ్‌ఎంటీ జనతాలో గంటకు 18,000 ఊపులు. ఆ చక్రాన్ని వెనక్కి లాగేది వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్. చలికి ఉక్కు స్ప్రింగ్ బిగుస్తుంది, ఊపు తొందరగా పూర్తవుతుంది, వాచీ ముందుకు పోతుంది. అంటే స్ప్రింగ్ మీద చలి పనిచేస్తే టైం పెరగాలి గాని వాచీ ఆగకూడదు. మామూలు ఉక్కు స్ప్రింగ్, ఇత్తడి చక్రం ఉన్న మరీ పాతకాలం వాచీలో ఒక్క డిగ్రీకి రోజుకు సుమారు 10 సెకన్ల తేడా వచ్చేది. వేడికీ చలికీ పెద్దగా మారని నికెల్ ఉక్కు లోహాలు కనిపెట్టి ఈ చిక్కు విప్పిన గీయోమ్ అనే శాస్త్రవేత్తకు 1920లో నోబెల్ బహుమతి ఇచ్చారు. నేడు స్విస్ క్రోనోమీటర్లను 8, 23, 38 డిగ్రీలలో పెట్టి పరీక్షిస్తారు. మన జనవరి తెల్లవారుజాము మామూలుగా 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. పైగా చేతికున్న వాచీకి ఒంటి వెచ్చదనం తగులుతూనే ఉంటుంది.

మరి ఎందుకు ఆగుతుంది? నూనె వల్ల. ఏళ్ల తరబడి విప్పని వాచీలో నూనె ఎండి జిగురవుతుంది. మగ్గాల మధ్య బతికే మనకు నూలు దుమ్ము సంగతి చెప్పాలా? అదీ మూత సందుల్లోంచి లోపలికి చేరుతుంది. చలికి ఆ జిగురు ఇంకా చిక్కబడుతుంది, చక్రానికి బలం అందదు. రోగం ముందే ఉంది, చలికి బయటపడిందంతే.

రైల్వేలో రోజూ 16 గంటలకు స్టేషన్లకు టైం సిగ్నల్ వస్తుంది, దానితో గడియారాలు సరిచూసుకుంటారు. మీరూ పది రోజులు అట్లనే చేయండి. పొద్దున ఒకే వేళకు కీ ఇవ్వండి, సాయంత్రం నాలుగింటికి ఫోన్ టైంతో పోల్చి కాగితం మీద రాయండి. రోజూ ఒకే లెక్కన ముందుకో వెనక్కో పోతుంటే లోపలి రెగ్యులేటర్ కొంచెం జరిపిస్తే చాలు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే ముందు శుభ్రం చేయించి కొత్త నూనె వేయించండి.

బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి 2016లో కేంద్రం ఒప్పుకుంది. మన ఇళ్లల్లో మిగిలిన పాతవాటిని పారేస్తే అవి మళ్లీ రావు. కీ వాచీ విప్పగల చేతులూ తగ్గిపోతున్నాయి, పని దొరక్కపోతే ఉన్నవాళ్లూ మానేస్తారు.

అందుకే సంఘానికి ఒక మనవి. ఏడాదికి ఒక ఆదివారం మన హాలులో వాచీ పనివాళ్లను కూర్చోబెడదాం. కూలి ఎవరిది వాళ్లే ఇచ్చుకుందాం. అప్పటిదాకా ఎవరూ వాచీ అమ్మకండి.