ప్రసంగం అయ్యాక పది నిమిషాలు అడగనివ్వండి

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ సంఘాల పాస్టరు గార్లకు, పెద్దలకు, విశ్వాసులకు వందనాలు.

ఆదివారం మన ఆరాధనల్లో నల్లగొండ, సూర్యాపేటల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలూ కోచింగ్ కోసం హాస్టళ్లలో ఉంటున్న పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు. పౌలు చెప్పిన పరుగు పందెం గురించి వింటే హాస్టల్ పిల్లవాడికి గ్రూప్స్ ర్యాంకు గుర్తొస్తుంది. దాంతో నష్టమేమీ లేదు. ఇలాంటి పోలికలతో చిక్కంతా డబ్బు దగ్గర, జబ్బు దగ్గర.

"విత్తనం వేయండి, నూరంతలు కోస్తారు" అన్న మాట విని ఫీజుకో అద్దెకో దాచుకున్నది కానుక పెట్టెలో వేస్తే ఆ ఇల్లు ఏమవ్వాలి? పత్తి వేసి ఎరిగిన రైతుకు విత్తనం సంగతి ఒకరు చెప్పాలా! యేసు చెప్పిన ఉపమానంలోనూ దారి పక్కన, రాతినేలన, ముళ్లపొదల్లో పడ్డవి దక్కలేదు. పైగా అక్కడ విత్తనమంటే దేవుని వాక్యమని లూకా 8వ అధ్యాయం విప్పి చెబుతుంది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 9వ అధ్యాయంలో పౌలు కానుకనే విత్తడంతో పోల్చిన మాట నిజమే. అయితే ఆ కానుక యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పోగుచేసింది. ఆ మాట కూడా కలిపి చెప్పాలి కదా.

"మీ రోగం యెరికో గోడలా కూలిపోయింది" అన్నప్పుడు బోధకుడి ఉద్దేశం ధైర్యం చెప్పడమే కావచ్చు. షుగరు మాత్రలు ఇక అక్కర్లేదని అర్థం చేసుకునేవాళ్లూ ఉంటారు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నది పౌలే. వైద్యుడైన లూకా ఆయన సహచరుడే.

వినేవాళ్ల అజ్ఞానమని తోసెయ్యకండి. పరిసయ్యుల పులిసిన పిండి విషయంలో జాగ్రత్త అని యేసు అంటే, రొట్టెలు తేనందుకే అంటున్నాడని శిష్యులే అనుకున్నారు. అది పరిసయ్యుల, సద్దూకయ్యుల బోధ అని వాళ్లకు తెలిసేదాకా యేసు వదల్లేదు (మత్తయి 16).

మేము కోరేది ఇదీ: కానుకకో స్వస్థతకో పోలిక వాడిన రోజు, ఏది పోలికో ఏది ఆజ్ఞో ఆ పూటే తేల్చి చెప్పండి. ముగింపు ప్రార్థనకు ముందు పది నిమిషాలు ప్రశ్నలకు ఇవ్వండి. లేచి అడగడానికి మొహమాటపడేవాళ్ల దగ్గర చీటీలు తీసుకోండి. అడిగినవాళ్లకు విశ్వాసం తక్కువన్న మాట సంఘంలో పుట్టనివ్వకండి.

విశ్వాసులారా, వచ్చే ఆదివారం మీ చీటీ రాసి తెండి. మందులు మానే ముందు డాక్టరును, అప్పు తెచ్చి కానుక వేసే ముందు ఇంట్లోవాళ్లను అడగండి.

ఇట్లు,
ఈ ప్రాంత విశ్వాసులు కొందరు