ఆ ఖాళీ గళ్లను చెరిపేయకండి



గత నెల ఎనిమిదో తరగతి సోషల్ ప్రాజెక్టుగా పిల్లలను ఒక ఊహాయాత్రకు ప్లాన్ వేయమన్నాం. అర్జెంటీనాలోని అకోన్‌కాగువా ఎక్కాలి. ఎత్తు 6,961 మీటర్లు. ఆసియా బయట ఇంతకంటే ఎత్తయిన పర్వతం లేదు. టికెట్ల నుంచి టెంట్ల దాకా, రోజువారీ పట్టికతో సహా పిల్లలే రాయాలి. "దీనికి మార్కులెన్ని సార్?" అని వాట్సాప్‌లో అడిగినవారికి జవాబు: పది. కొన్ని చార్టులు ఎవరు గీశారో చేతిరాతే చెబుతోంది. దాని గురించి గొడవ లేదు.

అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలమనీ, ఎక్కే సీజన్ అదేననీ పిల్లలు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ చాలామంది యాత్రను సంక్రాంతి సెలవుల్లో ఇరికించారు. ఒక అమ్మాయి మాత్రం ఇరవై రోజులు వేసింది. అందులో నాలుగు గళ్లలో "ఖాళీ" అని రాసి, వాటి మీద ఎవరో వైట్‌నర్ పూశారు. అడిగితే, "నాన్న కొట్టేశారు సార్. ఊరికే కూర్చోడానికి అంత దూరం పోవాలా అన్నారు" అంది.

ఆ నాన్నగారి లెక్క తప్పు, అమ్మాయి లెక్కే ఒప్పు. ఎందుకో చెబుతాను.

మామూలు దారిలో ఈ కొండకు తాళ్లు పట్టుకుని వేలాడే పని పెద్దగా లేదు. అంతా రాళ్లు, జారే గులకరాళ్ల వాలు. కష్టమంతా గాలితోనే. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో సగం కూడా ఉండదు. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు కావాలి, డబ్బుతోనో పట్టుదలతోనో అయ్యేది కాదు. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యుల మాట. మూడు నాలుగు రోజులకోసారి పూర్తి విశ్రాంతి కూడా ఉండాలి. తొందరపడితే తలనొప్పి, వాంతులతో మొదలై ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సుమారు 4,300 మీటర్ల దగ్గరున్న ప్లాజా దె మూలాస్ బేస్‌క్యాంపులో రోజుల తరబడి ఆగుతారు. పై క్యాంపుకు సామాను మోసి, అక్కడ దాచి, మళ్లీ కిందికొచ్చి పడుకుంటారు. మన కళ్లకు అది చేసిన పనే మళ్లీ చేయడంలా కనిపిస్తుంది. అక్కడి డాక్టరు రక్తంలో ఆక్సిజన్, బీపీ చూశాకే పైకి పోనిస్తారు. ఆ పైన గాలివాన వస్తే టెంట్లోంచి తల బయట పెట్టలేరు. ఖాళీ రోజులు దాని కోసమే.

1897లో ఈ శిఖరాన్ని మొదటిసారి చేరిన యాత్రను నడిపించింది ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్. ఖర్చూ ప్లానూ ఆయనవే. ఎత్తు పడక ఎన్నిసార్లు ప్రయత్నించినా పైకి చేరలేకపోయాడు. జనవరి 14న ఆయన గైడు మతియాస్ జుర్‌బ్రిగ్గెన్ ఒక్కడే శిఖరం మీద నిలబడ్డాడు. ఫిట్జ్‌జెరాల్డ్ ప్రాణాలతో తిరిగొచ్చి ఆ యాత్ర గురించి పెద్ద పుస్తకమే రాశాడు.

మన మాలావత్ పూర్ణ 2019లో ఈ కొండ ఎక్కింది. 2014లో ఎవరెస్టు ఎక్కిన సంగతి మీ అందరికీ తెలుసు. దానికి ముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో గడిచిన శిక్షణ రోజులు మాత్రం మనకు గుర్తుండవు. ఫొటో శిఖరం మీదే తీస్తారు కదా.

మీ ఇంట్లో గోడకు అంటించిన టైమ్‌టేబుల్ ఒకసారి చూడండి. ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా ఒక్క తెల్ల గడి ఉందా? మేం ఇచ్చే టైమ్‌టేబుల్లోనూ గాలి ఆడే సందు తక్కువే, ఒప్పుకుంటాను. జ్వరం వచ్చినా, ఒక చాప్టర్ ఎక్కకపోయినా పిల్లకు సర్దుకునే రోజు లేదు. వెనకబడితే రాత్రి నిద్రలోంచే కోసుకోవాలి.

ఆ అమ్మాయికి పదికి పది వేశాను. వైట్‌నర్ గోకి చూస్తే కింద ఆమె అక్షరాలు కనిపించాయి. ప్రాజెక్టు రెండో భాగం వచ్చే వారం ఇస్తాం. శిఖరానికి బయల్దేరిన రోజు ఎన్ని గంటలకు, ఎంత దూరంలో ఉన్నా, వెనక్కి తిరగాలో రాయాలి. ఆ గడి పిల్లలనే నింపనివ్వండి.